లోపలి గడియ

తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకోవాలి.
రూల్సు పుస్తకంలో పదకొండో పేజీ,
టీ మరక కింద ఉన్న వాక్యం.
ఇరవై రెండేళ్ళ నౌకరీలో
ఎన్నిసార్లు పైకి చదివానో,
ఎవరి చెవికి చదివానో.

విజయనగరం దాటి బొబ్బిలి వైపు పోయే రోడ్డు మీద
పొట్నూరు గున్నేశ్వర్రావు గారి కోల్డ్ స్టోరేజి.
గేటు దగ్గరే రెండు వాసనలు:
ఏజెన్సీ నుంచి దిగిన కొత్త చింతపండు,
దాని వెనకాల సన్నగా, సూదిలా, అమోనియా.
మొదటిది నోట్లో నీళ్ళూరిస్తుంది,
రెండోది కళ్ళల్లో.

మిషను రూములో ఆదెయ్య
గంధకం పుల్ల వెలిగించి
పైపు కీళ్ళ వెంట నడిపించాడు,
పసిబిడ్డకి దిష్టి తీస్తున్నట్టు.
నాలుగో కీలు దగ్గర తెల్లటి పొగ లేచింది.
"ఇక్కడ కొంచిం ఏడుత్తాది సార్,
నట్టు బిగిత్తే ఊరుకుంటాది."
రాసుకున్నాను.

పైపు మెట్ల దారిలోంచి పోకూడదు.
పోతోంది. వేడి పైపు కదా,
దాని మీద ఎవరివో లుంగీలు ఆరేసున్నాయి.
మిషను పైన మనుషులు కాపరం ఉండకూడదు.
పైన టైలరు కుటుంబం.
కింద కంప్రెసరు ఆగినప్పుడల్లా
పైన కుట్టుమిషను వినపడుతుంది.
"అద్దె మూడువేలేనండి" అన్నాడు ఓనరు,
నేను అద్దె అడిగినట్టు.

మాస్కు గది బయట వేలాడాలి.
ఉంది. కొత్తదే. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.
గది లోపల, బీరువాలో, తాళమేసి.
"బయటెడితే ఎత్తుకుపోతారండి."
తాళంచెవి ఆయన మొలతాడుకి.
ఆయన రాత్రుళ్ళు పడుకునేది కంటోన్మెంటులో.
ఆదెయ్యకి మాస్కంటే
గుమ్మం పక్క మేకుకి తగిలించిన తడి తువ్వాలు.
గంటకోసారి తడుపుకుంటాడు.
ఏ పుస్తకంలోనూ లేదది.

మూడో నంబరు గదిలో
చీరల మీద మగాళ్ళ స్వెట్టర్లు తొడుక్కున్న ఆడాళ్ళు
బస్తాలు తిరగేస్తున్నారు.
తలుపు మందం జానెడు.
లోపలి వైపు గడియ ఉండాల్సిన చోట
నాలుగు స్క్రూ బెజ్జాలు,
పక్కనే తాడుకి వేలాడే ఇనప గుండు.
"ఇదేటమ్మా?"
"బాదడానికి" అంది గౌరీసు.
"పోయిన మాఘంలో నన్నొగ్గీసి తలుపేసినారు.
అరిత్తే ఇనపడదు బాబూ,
సలి మాటని మింగెత్తాది.
అప్పట్నుంచి మేవే నెక్కెట్టుకుంటన్నాం,
ఎల్లినప్పుడో నెక్క, వచ్చినప్పుడో నెక్క."

ఆఫీసు గదిలో, లక్ష్మీదేవి పటం పక్కన
ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టు.
తలుపులు సవ్యం. పైపులు సవ్యం. మాస్కు సవ్యం.
కింద సంతకం.
చివరి అక్షరం తోక పైకి తిప్పే అలవాటు
ఈ జిల్లాలో నా ఒక్కడిదే.
రెండేళ్ళ కిందట, మే నెల.
గేటు దాకా కూడా రాలేదు నేను.
ఎదురుగా చెరుకురసం బండి నీడలో కూర్చుని పెట్టాను.
గ్లాసు అడుగు వలయం
అద్దం కింద ఇంకా గుండ్రంగా ఉంది,
నా సంతకం కంటే స్పష్టంగా.

ఏమీ అనకుండా మూడో గదికి వెనక్కి నడిచాను.
ఆడాళ్ళందర్నీ బయటికి రమ్మన్నాను.
"తలుపెయ్యండి."
"సారూ?"
"వెయ్యండమ్మా."

చీకటి ముందు చెవుల్లోకి వచ్చింది.
చెయ్యి గోడని తడిమింది, మంచుని తడిమింది,
బెజ్జాలు దొరికితే
వాటిల్లో గోళ్ళు పెట్టి లాగింది.
పదకొండో పేజీ నాకు నోటికొచ్చు.
పైకి చదివాను.
నా చెవికే ఆనలేదు.
గుండు కోసం వెతికాను,
తాడు తగిలి తప్పించుకుపోయింది.

ఎంతసేపో.
సన్నటి ఎండ గీత ఒకటి నేల మీద పడి వెడల్పయింది.
గుమ్మంలో గౌరీసు
వేళ్ళు మడుస్తోంది, నా మొహం చూడకుండా:
"...పన్నిండు, పదమూడు.
సారుతో పద్నాలుగు."