దండోరా

కాలేజీ పేజీ నాకు అంటగట్టారు,
లైబ్రరీలో ఎలాగూ ఖాళీయేగా అని.

మొదటి నెలంతా నోటీసులే పెట్టాను:
"ఇందుమూలముగా యావన్మంది విద్యార్థులకు తెలియజేయునది..."
నాలుగు లైకులు. అందులో ఒకటి నాదే.
"మేడమ్, ఇది పేజీయా, దండోరానా?" అంది నౌషీన్
పుస్తకం మీద ముద్ర వేయించుకుంటూ.
మీమ్ పెట్టి చూశాను.
అది పోయినేడాదిదట.

జూలైలో ఓ సాయంత్రం
నల్లకుంట రోడ్డు మీద మోకాల్లోతు నీళ్ళు.
ఊరికే రాశాను:
"తాళం వెయ్యలేదు. బస్సు దొరకనివాళ్ళు రండి.
రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, చున్నీలు ఆరేసుకోవచ్చు."

పదకొండు మంది వచ్చారు, చెప్పులు చేత్తో పట్టుకుని.
బానోతు చరణ్ మిర్చిబజ్జీల పొట్లం
చొక్కాలో దాచి తెచ్చాడు.
వాసన దాగుతుందా!
నేను కేటలాగులో తల దూర్చాను.

ఆ రాత్రి పన్నెండున్నరకి ఫోన్ వెలిగింది.
పేరు లేదు, ఫోటో ఉండాల్సిన చోట పిల్లి బొమ్మ.
"మేడమ్, పడుకున్నారా?
ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్ నిజంగానే ఇవ్వరా?"

"నిబంధనల ప్రకారం" అని మొదలుపెట్టి
చెరిపేశాను.
"మేలుకునే ఉన్నా. చెప్పు."

పిల్లి బొమ్మ కింద
టైప్ చేస్తున్నట్టు చూపిస్తోంది,
చాలాసేపట్నుంచి.