నల్ల ఇసుక

వీక్ ఒడ్డున ఇసుక నలుపు.
స్టైనున్ దాన్ని రొట్టెల పొయ్యిలో ఆరబెట్టింది;
ఇల్లంతా సముద్రం మాడిన వాసన.

సైకిల్ ట్యూబులు కోసి, నింపి, మూతులు బిగించి
పాత కాన్వాసు సంచిలో కుక్కింది.
చేపల కాటా మీద ఎనభై నాలుగు కిలోలు.
ఇంకో నాలుగు దోసిళ్లు పోసింది, తడి బట్టల లెక్కకి.
వలలు కుట్టే దారంతో నోరు కుట్టేసింది.

జిమ్ములో ఇనుము చెప్పిన మాట వింటుంది,
పట్టుకోడానికి చోటిస్తుంది.
ఇది వినదు.
చంకలోంచి జారుతుంది, నడుం దగ్గర కూలబడుతుంది.

"ఇలాగే ఉండాలి," అంది.
పోయిన ఫిబ్రవరిలో అలల్లోంచి లాగిన మనిషి
ఇలాగే వేలాడాడు.
గట్టు ఇంకా పదకొండు అడుగులుందనగా
చేతులు వదిలేశాయి.

ఇప్పుడు రోజూ, మోకాళ్లు వణుకుతున్నా,
పన్నెండో అడుగు వేస్తుంది.

కుట్టు ఎక్కడో వదిలినట్టుంది.
మంచు మీద ఆమె వెనకాలే
సన్నగా ఒక నల్ల గీత.