మీరావలి తీసిన కాపీ

అట్ట మీద నలుగురు.
మోకాళ్లలోతు నీళ్లలో బూట్లతోనే దిగి నిలబడ్డారు.
ముగ్గురు మనల్ని చూస్తుంటారు,
నాలుగోవాడు మాత్రం ఏదో పారేసుకున్నట్టు నీళ్లలోకి.
పేరున్న మూలని చెదలు తినేసింది కాబట్టి
వాళ్లెవరో నాకు తెలీదు, మీరావలికీ తెలీదు.
విశాఖలో దిగిన ఓడమనిషెవడో
బాకీ కింద వదిలేసిన రికార్డంట.

ఎనభై ఆరు, ఏప్రిల్.
నేను మిర్చియార్డులో కాటా గుమస్తాని.
సాయంత్రానికి కనురెప్పల మీద కూడా కారం.
లాలాపేటలో అతని మైకుసెట్టు కొట్టు:
పెళ్లి పందిళ్లకి కట్టే ఆంప్లిఫయరు లారీ బ్యాటరీ మీద,
రికార్డు తిరిగే పళ్లెం కరెంటు మీద.
ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి.
బాకా ముందు టేప్ రికార్డరు పెట్టి
పన్నెండు రూపాయలకి కాపీ తీసిచ్చాడు.

మొదటి పాట గిటారుతో మొదలవ్వదు.
ఎవరో తలుపు గడియ తీసిన చప్పుడు,
ఆ తరువాత చాలాసేపు ఎవరూ లోపలికి రారు.
వచ్చాక ఇక ఇల్లు ఇల్లుగా ఉండదు.
డ్రమ్ములవాడికి తొందర లేదు.
బస్తా దించే హమాలీలా
ఊపిరి బిగబట్టి, వంగి, సరిగ్గా అక్కడే, ధబ్.
ప్రతిసారీ వెంట్రుకవాసి ఆలస్యంగా.
ఆ ఆలస్యంలోనే నేను ఆ వేసవంతా బతికాను.

రెండో పాటలో గిటారు సన్నరకం మిరప.
నాలుక మీద పెట్టగానే ఏమీ అనదు,
గొంతు దిగాక చెవుల వెనకనుంచి వస్తుంది.
పాడేవాడి ఇంగ్లీషు నాకు అందలేదు.
పల్లవిలో మాత్రం స్పష్టంగా
"కారం లేదు, కారం లేదు" అని ఏడుస్తాడు.
గుంటూరొచ్చి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి!

ఇక మూడో పాట.
గొంతు పైకెక్కి, ఇంకా ఎక్కి, అంచు మీద నిలబడ్డప్పుడు
జారటం మొదలెడుతుంది.
మెల్లగా, బరువుగా,
మనిషి గొంతు ఎద్దు గొంతై,
ఎద్దు గొంతు బావి అడుగున రాయి కదిలిన చప్పుడై
ఆగిపోతుంది.
దూరంగా లారీ ఒకటి గేరు మార్చుకుంటుంది.
ఒక తుమ్ము.
మళ్లీ ఆ లోతులోంచే ఎద్దు లేచి, మనిషై,
వదిలేసిన మాట దగ్గరే అందుకుంటాడు.

చచ్చి, తుమ్మి, లేచొచ్చిన పాట!
ఇంత తెగువ ఎవడికుంటుందనుకున్నా.
అది కరెంటు కోత అనీ
తుమ్మింది మీరావలి అనీ
తెలిసేసరికి రెండేళ్లు పట్టింది.
తెలిశాక ఏమీ తగ్గలేదు.
మా అమ్మ వంటగదిలోంచి
ఆ తుమ్ము వచ్చినప్పుడల్లా "చిరంజీవ" అనేది.
ఆమె తరువాత అది నా వంతు.
తొంభై తొమ్మిదిలో మీరావలి పోయాడు,
టేపులో తుమ్ముతూనే ఉన్నాడు.
ఆ టేపునీ ఒకరోజు మిషను నమిలేసింది,
పేగుల్లా బయటికి లాగితే ముడతలు.

మొన్న కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే కెజియా
నేను బల్ల మీద వాయిస్తున్న దరువు విని,
అట్ట మీద నీళ్ల సంగతి అడిగి,
ఫోనులో ఎలా పట్టుకుందో పట్టుకుంది.
కడిగిన గాజుగ్లాసులాంటి చప్పుడు.
అడుగున ఇంకో మనిషి ఉన్నాడు!
లావు తీగల మీద, నేల కింద నడుస్తున్నట్టు,
ఇన్నేళ్లూ వాయిస్తూనే ఉన్నాడు, నాకు చేరలేదు.
నీళ్లలోకి చూస్తున్నవాడే అయ్యుంటాడు.
పల్లవి మాటలు చదివి చెప్తానంది.
వద్దన్నాను.

మూడో పాట. గొంతు అంచుకెక్కింది.
పళ్లు బిగించి కాచుక్కూచున్నా.
పడలేదు.
ఆగని స్టేషను మీదుగా ఎక్స్‌ప్రెస్ పోయినట్టు
నా చీకటి మీదుగా దడదడా దాటిపోయింది.
"చిరంజీవ" అన్నాను.

కెజియా లెడ్జరులోంచి తలెత్తింది.
"ఎవరూ తుమ్మలేదే అంకుల్."