కూత

ఎర్రబండి వస్తోందని
లాకుల దగ్గరుండగానే తెలిసిపోయేది నాకు.
పలక మీద బలపం నిలువునా జారినట్టు
ఒకటే కీచుమనే కూత.
టీబడ్డీలో గ్లాసులు పళ్ళు కొరుక్కునేవి.

రెండే తలుపులు, నేలకి జానెడెత్తు.
రొయ్యల మేత బస్తా ఒక్కటి పట్టదు.
వరసగా మూడు పంటలు కలిసొస్తే
తిరుపతిరాజు గారు సరదాపడి తెప్పించారు.
"ఇస్సాకూ, ఇన్ని లక్షలు పోసిన బండి
తొక్కితే చాలు, తోక నలిగిన పిల్లిలా అరుస్తోంది.
కాస్త చూడు."

నా షెడ్డుకి వచ్చేవి ట్రాక్టర్లు, కోతమిషన్లు,
చెరువులో తిరిగి తిరిగి కాలిపోయిన ఏరేటర్ మోటార్లు.
దీన్ని జాకీ మీదికి లేపుతుంటే
పరాయివాళ్ళ చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు
బిగుసుకుపోయాను.

చక్రం ఊడదీశాం.
కంచమంత డిస్కు. అంచున
ఉప్పుగాలి కొరికిన తుప్పు, నూగునూగుగా.
ప్యాడ్లు అరిగిపోయుంటాయి అనుకున్నాను.
అరగలేదండీ.
అద్దంలా మెరుస్తున్నాయి.
అదే జబ్బు.

"మెరిస్తే జబ్బేంటి మావా?" అన్నాడు కొండలు.
ఇది వేడెక్కాల్సిన సరుకురా.
నూట ఎనభైలో పోతూ ఒక్క తొక్కు తొక్కితే
నిప్పై పట్టుకోవాలని చేసింది.
మన గట్టు మీద దీనికి దొరికిందేముంది?
గేదె అడ్డమొస్తే ఓ నొక్కు,
రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే ఓ నొక్కు.
మెత్తమెత్తగా రాసుకుని రాసుకుని
మొహం నున్నబడిపోయింది.
పనిలేక నున్నబడిందేదైనా అరుస్తుంది.

వాళ్ళ నాన్న గురించి అన్నాననుకున్నాడేమో,
వాడు స్పానరు వెతుక్కోడానికి లేచిపోయాడు.

గరుకుకాగితం నేల మీద పరిచి
ఎనిమిది అంకె చుడుతూ ప్యాడ్లు రుద్దాం.
క్యాలిపర్ పిన్నులు లాగితే
పాతగ్రీజు జీళ్ళపాకంలా సాగింది.
కడిగి, తుడిచి, వెనకరేకుకి రాగిరంగు గ్రీజు
బొట్టంత. బొట్టంతే.
ముందువైపు అంటిందా,
ఎవడి ప్రాణానికో వస్తుంది.

ఇక వేడిపెట్టడం.
రాజుగారికి మోకాలి నొప్పి. "నువ్వే తోలు" అన్నారు.

తెల్లారగట్ట నాలుగు. బైపాసు.
ఐసులారీలు పోయాక రోడ్డంతా
కారిన చేపల నీళ్ళ చారలు.
ముప్ఫయ్యేళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్నాను,
ఏ ఒక్కదాన్నీ దాని వేగంలో చూడలేదు.
నూరుకి లేపి, ముప్ఫైకి దించాలి. ఆగకూడదు.
మళ్ళీ నూరు. మళ్ళీ ముప్ఫై.
నాలుగోసారికి మాడువాసన.
రెండుపక్కలా చెరువులు, తెల్లటి నురగ చిమ్ముకుంటూ
వెనక్కి పారిపోతున్నాయి.
ఏడోసారి కొండలు కేకేశాడు, భయమో సంతోషమో.
పదోసారి తొక్కాను.
కూత లేదు.
దోసిట్లోంచి వడ్లు జారినంత చప్పుడు.

పదిసార్లు చాలు.
పదకొండోది ఎందుకు తొక్కానో
రాజుగారికి చెప్పలేదు.

మూడోనాడు బాతుల వీరన్న
షెడ్డు గుంజకి కర్ర ఆనించి నిలబడ్డాడు.
తువ్వాల్లో చుట్టిన బాతు, మెడ బయటికి వేలాడుతూ.
"ఆ కూత వింటే నాలుగొందలూ
వాటంతటవే గట్టు దిగేవి.
నేను కర్రెత్తే పనుండేది కాదు.
నిన్న చప్పుడు లేకుండా వచ్చేసింది."
రాజుగారు డబ్బులిచ్చారట, రెండింతలు.
"డబ్బు మాట కాదు ఇస్సాకూ.
ఎడమ చక్రానికైనా కాస్త ఉంచకపోయావా?"

హారను కొట్టి చూశారు.
బాతులు కదల్లేదు. ఆ భాష వాటికి రాదు.

ఇప్పుడు సాయంత్రం లాకుల దగ్గరికి రాగానే
రాజుగారు నాకు ఫోను కొడతారు.
కొండలు సైకిలెక్కి గట్టు మీదికి పోతాడు,
గొంతు సన్నం చేసుకుని
అచ్చం ఆ కూతే కూస్తూ.
మూడొంతులు నమ్మి కాలవలోకి జారతాయి.
మిగతావాటిని వీరన్న
కర్రతో దించుకుంటాడు.