ఖాళీలను పూరింపుము

తొమ్మిదో తరగతి, బి సెక్షను, క్వార్టర్లీ పేపర్లు.
ఆరో ప్రశ్నలో రెండు యాజ్‌ల నడుమ మాట నేనిచ్చాను,
చివరి ఖాళీ వాళ్ళు నింపాలి.
పక్కన ఆన్సర్ కీ ఉంది,
ఎర్ర పెన్నుంది,
కరెంటు లేదు.

యాజ్ వైట్ యాజ్...
నలభై ఒక్క మందీ స్నో అనే రాశారు.
చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నేనూ చూళ్ళేదు.
చూడని దాని మీద
నలభై ఒక్క అరమార్కులు చకచకా వేసేశాను.

యాజ్ స్లో యాజ్ దగ్గర చెయ్యి ఆగింది.
కీలో నత్త ఉంది.
పెచ్చెట్టి వీరబాబు రాసింది
సఖినేటిపల్లి రేవులో, పాటు వేళ, పంటు.
స్పెల్లింగులు మూడు తప్పు.
ఇసక మేట తగిలి పంటు నడిగోదాట్లో నిలబడిపోయిన పొద్దున
వాడి పక్కన నేనూ ఉన్నాను, టిఫిను బాక్సు పట్టుకుని.
రిజిస్టర్లో నా పేరు ముందు
హెడ్మాస్టరుగారు గీసిన ఎర్రగీత ఇంకా అక్కడే ఉంది.
వాడికి అరమార్కూ ఇచ్చాను.

పేదరికానికి చర్చి ఎలకని పోలుస్తారర్రా అని
క్లాసులో చెప్పిన రోజే ఉందుర్తి ప్రభుదాసు లేచాడు.
"మా చర్చి ఎలకలు అలా ఉండవండి.
కోతల పండక్కి ఇచ్చిన ధాన్యం బస్తాలన్నీ
పాస్టరుగారి గదిలోనే కదండీ.
వాటిని చూసి పిల్లే పక్కకి తప్పుకుంటాదండి."
క్లాసు గొల్లుమంది.
పుస్తకంలో ఉన్నదే రాసుకోమన్నాను.
పరీక్షలో అదే రాశాడు బుద్ధిగా, చర్చి ఎలకని.
కింద, చీమంత అక్షరాలతో,
పుస్తకం ప్రకారం, అని.

యాజ్ ఓల్డ్ యాజ్ ద హిల్స్.
డాబా ఎక్కి చూసినా కొండన్నది ఆనని మండలం మాది.
కొందరు లైట్‌హౌసు అన్నారు.
ఒకమ్మాయి మా స్కూలు బెంచీలంది, కాదనలేను.
లంకలోంచి వచ్చే కుర్రాడొకడు
మై తాత అని రాసి, ఎందుకైనా మంచిదని
వివరణ కూడా తెలుగులో ఇచ్చాడు:
మా లంక ఆయన తరవాతే తేలింది.

కరెంటొచ్చింది. ఫ్యాను గాలికి పేపర్లు లేచిపోతుంటే
స్టీలు గ్లాసు బరువు పెట్టాను.
దాని కింద కనపడిన వాక్యం ఇది:
యాజ్ కోల్డ్ యాజ్ మై ఫాదర్స్ హ్యాండ్.

కొల్లాటి మంగ. మూడో బెంచీ, కిటికీ పక్క.
ఎక్కువ మాట్లాడదు.
పెన్ను కింద పెట్టాను.
మొన్నటి వాయుగుండానికి వెనక్కి రాని పడవలు
ఎవరెవరివో గుర్తు చేసుకున్నాను.
రేపు ఆ పిల్లతో ఎలా మాట్లాడాలో
రెండు మాటలు కూడబలుక్కుని
రెండూ కొట్టేశాను.
ఆ ఖాళీ పక్కన రైటూ పెట్టలేదు, ఇంటూ పెట్టలేదు.

ఇంటర్వెల్లో పిలిచి, "మీ నాన్నగారు..." అని
సగంలో ఆగాను.
తనే పూరించింది.
"ఐసు ఫ్యాక్టరీలోనండి. నైట్ డ్యూటీ.
రొయ్యల బాక్సుల్లోకి దిమ్మలు కొడతారండి.
తెల్లారగట్ల వచ్చి, చెయ్యి నా మెడ మీద పెట్టి లేపుతారు.
కెవ్వుమంటానండి. అమ్మ తిడతాది.
అయినా రోజూ పెడతారు."
చెప్తూనే మెడ భుజాల్లోకి ముడుచుకుంది,
ఇంకా అక్కడే ఉన్నట్టు.

స్టాఫ్ రూములోకి వచ్చి అరమార్కు వేశాను.
అలవాటు కొద్దీ పక్కన
కీలో ఉన్న మాట కూడా రాశాను ఎర్రసిరాతో, ఐస్ అని.

శుక్రవారం పేపర్లు పంచాను.
టోటలు చూసుకుని, పేజీ తిప్పి,
మంగ నా టేబులు దగ్గరికి వచ్చింది.
ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది:
"నేను రాసిందీ అదే కదండీ?"