కమ్మదనం అనే దోషం

జులై. ఇన్వర్‌కార్గిల్‌లో దక్షిణపు గాలి
గ్యారేజీ రేకుల్ని ఎడాపెడా వాయిస్తోంది.
మాల్ట్ పాకం డబ్బాలతో ఈ ఏడాది కాచిన నాలుగు వాయిలు,
వాయికొక సీసా,
సుద్దముక్కతో అంకెలు వేసి
చంకలో ఇరికించుకుని కంచె దాటాను.

నైరీ తలుపు తీసి సీసాల వంక కాదు,
నా మొహం వంక చూసింది.
"ఎవరైనా పోయారా?"
"తెలీదు. నువ్వే చెప్పాలి."

ముప్పై ఒక్క ఏళ్ళు వెన్న ఫ్యాక్టరీలో
పెట్టె పెట్టెకీ సన్నటి ఉక్కు గొట్టం దించి,
పైకి లాగి, ఒక్క ఊపిరిలో
రకం తేల్చిన మనిషి.
ముక్కుసూటి మనిషి అంటారే,
ఆమె విషయంలో అది ఉద్యోగం.
బ్లఫ్ రేవులో నా క్రేన్ ఎత్తిన సరుకులో సగం
ఆమె ముక్కు కిందుగా వచ్చిందే.

ఒకటో సీసా. గ్లాసు ఎత్తింది, దించింది.
"పుండు మీద అంటించే పట్టీ వాసన.
బకెట్టు దేంతో కడిగావ్?"
బ్లీచ్‌తో.
"తర్వాత?"
తర్వాతేముంది, ఒకసారి తొలిచాను.
"ఒకసారి," అంది, నా మాట నాకే తిరిగిచ్చి,
సింకులో వంచేసింది.

రెండోది నేనే ముందు చప్పరించాను,
అన్నీ తెలిసినవాడిలా.
ఈస్ట్ తప్పన్నాను. హాప్స్ పాతవన్నాను.
ఆమె వినలేదు. ఖాళీ డబ్బా తెమ్మంది.
అందులో మేకులు పోసుకున్నాను.
మేకులు ఆమె బల్ల మీదే గుమ్మరించాల్సొచ్చింది.
ధర చీటీ కింద గోరు పెట్టి గీకితే
రెండేళ్ళ కిందటి తేదీ.
సగం ధరకే కొట్టుకొచ్చానని
నెలంతా ఊరికి చెప్పుకున్న డబ్బా అది.
"సిరా రుచి. పాకం డబ్బాలోనే ముసలిదైంది.
నువ్వు పొయ్యి వెలిగించకముందే
ఓడిపోయావు, మర్డాక్."

మూడోదానికి గ్లాసైనా అందుకోలేదు.
మూత తీస్తుండగానే "పచ్చి ఆపిల్," అంది.
"ఎన్నో రోజున సీసాల్లో నింపావ్?"
ఆరో రోజు.
ఎందుకో చెప్పలేదు.
ఆ మంగళవారం ఆసుపత్రిలో
నా గుండెని బొమ్మ తీసి చూస్తామన్నారు.
వెళ్ళేముందు ఇంట్లో ఏ పనీ
సగంలో వదలకూడదనిపించింది.
గుండె బాగానే ఉంది.
బీరే సగంలో ఉండిపోయింది.

నాలుగోది
ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది.
పొయ్యి మీద కెటిల్ కూసింది. కూస్తూనే ఉంది.
లేచి నేనే ఆపాను.
ఆమె మళ్ళీ వాసన చూసింది, కళ్ళు మూసుకుని.
రోగం పెద్దదే అనుకున్నాను.

"వెన్న," అంది.
"మంచిదా, చెడ్డదా?"
"బీరుకి దోషం.
చలికి ఈస్ట్ మధ్యలోనే ముసుగు తన్నింది.
వేడినీళ్ళ ట్యాంకు అల్మారాలో ఇంకో మూడు రోజులుంచితే
తను వదిలిన వెన్న తనే తినేసి పోయేది."
ఆగింది.
"కానీ ఇదే వాసనకి, అచ్చం ఇదే,
నేను మొదటి రకం ముద్ర కొట్టాను,
చెయ్యి నొప్పి పుట్టేదాకా."

ఆ గదిలో ఇప్పుడొక యంత్రం ఉందని
చాలాకాలం కిందట ఎవరో చెప్పారు నాకు.
ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

సింకు వైపు చూశాను, అలవాటుకొద్దీ.
ఆమె వంచలేదు.
గుక్క గుక్కకీ నాలుక అంగిలికి తాటిస్తూ
మడ్డి దాకా తాగింది.

"ఇంకెన్ని ఉన్నాయి ఈ వాయివి?"
"పంతొమ్మిది."
"ఎవరికీ ఇవ్వకు.
దోషమున్న సరుకు గేటు దాటకూడదు,"
అంది ఫ్యాక్టరీ గొంతుతో,
మేకుల మధ్య నుంచి
ఖాళీ గ్లాసు నా వైపు జరుపుతూ.