వాసన

ఎల్ ఆల్తోలో నీళ్లు ఎనభై ఆరు డిగ్రీలకే మరుగుతాయి.
నేను చేరిన రోజు బాసిలియా చోకె చెప్పిన మొదటి మాట అదే:
"కుతకుతలాడాయని నమ్మకు అబ్బాయ్,
ఇంత ఎత్తున నీళ్లకి తొందరెక్కువ.
ఉడికినట్టు కనిపిస్తాయి, ఉడికించవు."

ఆటోక్లేవ్ ముల్లు మీద కూడా ఆవిడకి నమ్మకం లేదు.
టేపు మీద నల్లచారలు పడ్డా పెదవి విరుస్తుంది.
సిద్ధబీజాల గొట్టం ఒకటి చెత్త సంచుల నడిమధ్య దాచి
తీసి, రెండు రోజులు వెచ్చగా పొదిగించి
రంగు ఊదాగానే ఉండిపోతే
అప్పుడు తలూపుతుంది.
పసుపెక్కిందా,
లోపల ఎవరో ఇంకా బతికున్నట్టే.
ఆ వారం మా చెత్త గేటు దాటదు,
పారిశుద్ధ్యం లారీవాడు ఎంత హారన్ కొట్టినా.

జూన్ నెల. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు.
మూడువందల పదిహేడో నంబరు సీసా
నాలుగో రోజు మధ్యాహ్నం లైటు వెలిగించింది.
నిసెఫోరో అల్బార్నోజ్, పంతొమ్మిదేళ్లు,
దక్షిణాన చాకో ఎండల్లో మేకలు కాసి
సైన్యంలో చేరడానికి ఈ చలికొండ ఎక్కినవాడు.
పొద్దుగూకితే జ్వరం, తెల్లారితే దుప్పటి పిండేంత చెమట.
క్లినిక్ వాళ్లు చీటీ మీద టైఫాయిడ్ అని రాసి
పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

స్లయిడు నేనే వేశాను.
ఊదా ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం,
ఆల్కహాల్ ఒక్క ఊపిరి.
అక్కడ చెయ్యి తడబడితే
ఎవరినైనా గులాబీ చేసి పారెయ్యొచ్చు.
అందుకే రెండోసారీ వేశాను.
రెండోసారీ అంతే: వెలిసిపోయిన గులాబీ నలుసులు,
ఎవరో గుప్పెడు సన్నిసుక చల్లి
తుడవడం మరిచిపోయినట్టు.

మర్నాడు ప్లేటు మీద దుమ్మంత బొట్లు.
కాలేజీలో మా మాస్టారు ముక్కుతోనే సగం పరీక్ష ముగించేవాడు:
ఇది ద్రాక్షపళ్లు, ఇది తడిమట్టి, ఇది కుళ్లిన చేప.
ఆ గర్వం నాకూ అంటింది.
మూత తీశాను. ముఖం దగ్గరికి తెచ్చాను.

ఆవిడ అరవలేదు.
అరచెయ్యి వచ్చి మూత మీద పడింది, అంతే.
ప్లేటు చుట్టూ టేపు చుట్టి
గాలి లోపలికే పీల్చుకునే క్యాబినెట్‌లోకి తీసుకెళ్లి
రెండు జతల తొడుగులేసుకుని కూర్చుంది.
యూరియా గొట్టంలో ఒక్క చుక్క.
వరండాలో నా కోకా టీ చల్లారేలోపు
గొట్టం నిండా ముదురు గులాబీ.

"పచ్చిపాల చీజ్ తిన్నాడేమో వార్డుకి ఫోన్ చేసి కనుక్కో."
తిన్నాడట. చిన్నప్పటినుంచీ. వాళ్ల మేకలదే.
తర్వాత రిజిస్టర్ తీసి ఆ గదిలో ఎవరెవరున్నామో రాసింది:
తన పేరు, నా పేరు,
నేల తుడవడానికొచ్చిన ఫౌస్తా పేరు.
మూడు వారాలు మాత్రలు.
ఇరవై నాలుగు వారాలు రక్తం.

మెట్లు దిగేటప్పుడు ఆవిడ ఎడమ మోకాలు పట్టుకుంటుందని
ఇన్నాళ్లూ వయసనుకున్నాను.
"తొంభై ఎనిమిదిలో," అంది కమ్మీ పట్టుకుని ఆగి,
"అప్పుడు క్యాబినెట్ లేదు. నేనూ మూత తీశాను.
ఎనిమిది నెలలు మంచం."

అడక్కూడదని తెలిసీ అడిగాను,
ఏం వాసనొచ్చిందని.

కింది మెట్టు మీద కాలు సర్దుకుంది.
"ఏమీ లేదు."

ఇప్పుడు ఆరో వారం.
నా గొట్టం ఫౌస్తా గొట్టం పక్కనే నిలబడి ఉంది స్టాండులో.
ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుని
గడుల్ని ఒక్కొక్కటే వేలితో తాకుతూ వచ్చి
నా పేరు దగ్గర ఆగి చదివింది,
మెట్ల మీద అన్న అదే గొంతుతో:
"ఏమీ లేదు."

వచ్చే మంగళవారం మళ్లీ చెయ్యి చాపాలి.